పేగు ముక్క పట్టిచ్చిన భయం

ముందుగా మసి వాసన తగులుతుంది. కరెంటు పోయిన రాత్రి కిరసనాయిలు బుడ్డి చాలాసేపు వెలిగిన గదిలో మిగిలే వాసన అది. డ్రమ్ముకు నున్నటి కాగితం చుట్టి, పొగమంట మీద తిప్పి తిప్పి, కాటుక పట్టినట్టు నల్లగా చేసి ఇప్పుడే తెచ్చి బిగించారు. దగ్గరికి వెళ్ళండి కానీ వేలు పెట్టకండి. పెడితే అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది, పొద్దుటి నుంచి చేసిన పనంతా మళ్ళీ మొదలు.

మీరున్నది బోస్టన్‌లో, హార్వర్డ్ మెడికల్ స్కూలు ఫిజియాలజీ ప్రయోగశాలలో. బయట పాలరాతి గోడలు ఇంకా కొత్తవి, ఈ భవనాలు తెరిచింది 1906లో. 1911లో అచ్చయ్యే ఒక చిన్న వ్యాసానికి కావలసిన గీతలు ఈ మసికాగితం మీద పడుతున్న రోజులివి. ఈ డ్రమ్ము పేరు కైమోగ్రాఫ్. మన దగ్గర మెడికల్, ఫార్మసీ కాలేజీల్లో చదివిన పాతతరం వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ప్రాక్టికల్స్ రోజు తెల్లకోటు చేతుల మీద మసి అంటించుకుని ఇంటికెళ్ళి అమ్మ చేత చీవాట్లు తిన్నవాళ్ళు ఎందరో. ఇప్పుడా పని కంప్యూటర్ తెర మీద జరిగిపోతోంది. తెరకు వాసన లేదు.

డ్రమ్ము పక్కన గోరువెచ్చటి నీళ్ళ తొట్టి. అందులో నిలబెట్టిన సన్నటి గాజు గొట్టం. గొట్టం నిండా రింగర్ ద్రావణం, అంటే సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలు కొలత ప్రకారం కలిపిన ఉప్పునీళ్ళు. అందులోకి ఆక్సిజన్ బుడగలు వదులుతున్నారు. ఆ బుడగల మధ్య ఏదో వేలాడుతోంది. లేత గులాబీ రంగు, తడి మెరుపు, తెగిన రిబ్బను ముక్కంత. పిల్లి చిన్నపేగు గోడ నుంచి నిలువుగా తీసిన కండరపు పేలిక. కింది కొసను చిన్న క్లిప్పు కదలకుండా పట్టుకుంది. పై కొసకు దారం, దారానికి పుల్లంత తేలికైన మీట, మీట ముక్కు మసిని సున్నితంగా తాకుతోంది.

ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. అయినా ముడుచుకుంటుంది. మీట లేస్తుంది, మసి మీద తెల్లటి గీత పైకి పాకుతుంది. వదులవుతుంది, గీత దిగుతుంది. మళ్ళీ లేస్తుంది. వడ్ల రాశులు వరసగా పోసినట్టు కాగితం మీద గుట్ట పక్కన గుట్ట.

ఈ ముక్కకు మెదడుతో సంబంధం తెగిపోయింది. వెన్నుపాముతోనూ, గుండెతోనూ అంతే. తనది అనుకోవడానికి ఒళ్ళే లేదు. గోడలో ఇమిడి ఉన్న కొన్ని నాడీకణాలు, లయ పుట్టించే మరికొన్ని కణాలు తప్ప దానికి దిక్కు లేదు. చేతి కండరమైతే నరం తెగితే చచ్చుబడి పడి ఉంటుంది. పేగు కండరం అలా కాదు. అది నునుపు కండరం. ఎవరో ఆజ్ఞ ఇస్తే కదిలే జాతి కాదు, దాని పాటన అది కదులుతూ ఉంటుంది. బయటివాళ్ళు చేయగలిగింది దాన్ని తొందరపెట్టడం, లేదా సద్దుమణగమని చెప్పడం.

ఆ చెప్పేవాళ్ళ కోసమే ఈ గదిలో వేట.

బల్ల దగ్గర నిలబడ్డ మనిషి వాల్టర్ కానన్. నలభైకి దగ్గరపడుతున్నాడు. పద్నాలుగేళ్ళ కిందట, వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే, అప్పుడప్పుడే వచ్చిన ఎక్స్-కిరణాలతో జంతువుల పొట్టలోకి తొంగిచూసినవాడు. పిల్లికి బిస్మత్ కలిపిన తిండి పెట్టి మెరిసే తెర ముందు కూర్చోబెడితే, జీర్ణకోశం అలలు అలలుగా కదలడం నల్లటి నీడగా కనిపించేది. అయితే ఒక్కోసారి ఆ అలలు చటుక్కున ఆగిపోయేవి. ముందు విసుగొచ్చింది. తరవాత గమనిస్తే, ఆగినప్పుడల్లా పిల్లి బెదురుతోనో, కోపంతోనో ఉంది. నిమిరి సముదాయిస్తే అలలు మళ్ళీ మొదలు. మరొకరైతే పాడైన ప్రయోగాలని పక్కన పడేసేవారు. కానన్ ఆ పాడైపోవడాన్నే పట్టుకున్నాడు. ఆయన గొప్పతనమంతా అక్కడుందని నాకనిపిస్తుంది.

భయపడితే కడుపు ఆగుతుంది, సరే. నరాలు ఆపుతున్నాయి, అదీ సరే. కానీ బెదురు తగ్గాక కూడా చాలాసేపు అది తేరుకోవడం లేదేం? రక్తంలో ఏదైనా మిగిలి ఉందా? మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల రసం రక్తపోటును పెంచుతుందని లండన్‌లో ఆలివర్, షేఫర్ 1894లోనే చూపించారు. హార్మోను అన్న మాటను అదే లండన్‌లో స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు. ఈ గదిలో నిలబడ్డ మీకు ఆ మాట వయసు ఆరేళ్ళే. భయం వేసినప్పుడు ఆ గ్రంథి నిజంగా రక్తంలోకి ఏదైనా వదులుతుందా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. వదిలినా అది లేశమే. దాన్ని తూచే త్రాసు రసాయన శాస్త్రం దగ్గర లేదు.

త్రాసు ఆ గాజు గొట్టంలో వేలాడుతోంది. పేగు పేలిక అడ్రినలిన్‌కు ఎంత సున్నితమంటే, కోటి పాళ్ళలో ఒక పాలు కన్నా తక్కువ ఉన్నా గుర్తుపడుతుంది.

ఇప్పుడు పిల్లి దగ్గరికి రండి. దాన్ని ఇబ్బంది లేకుండా కూర్చోబెట్టారు, ప్రశాంతంగా ఉంది. తొడ దగ్గర చర్మాన్ని మందుతో మొద్దుబార్చి, అక్కడి సిర గుండా సన్నటి మెత్తటి గొట్టాన్ని లోపలికి పంపుతున్నారు. అది కడుపులోని పెద్ద సిరలోకి వెళ్ళి, అడ్రినల్ గ్రంథుల రక్తం వచ్చి కలిసే చోటు దాటి ఆగుతుంది. కానన్‌తో పనిచేస్తున్న డి లా పాజ్ కొద్దిగా రక్తం లాగుతాడు. ఇది నెమ్మదిగా ఉన్న పిల్లి రక్తం. గడ్డకట్టకుండా చిలికి, పీచు తీసి పక్కన పెడతారు.

తరవాత కుక్కను తీసుకొస్తారు.

అది పిల్లిని తాకదు. మొరుగుతుంది, అంతే. పిల్లి కనుపాపలు ఇంతింతై నల్లగా విచ్చుకుంటాయి. వీపు మీద, తోక మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. మీకు ఇబ్బందిగా ఉంటే మీరొక్కరే కాదు. ఆ కాలంలోనే ఇలాంటి ప్రయోగాల మీద లండన్‌లో వీధి గొడవలయ్యాయి, కోర్టు కేసులయ్యాయి. నేను కూడా ఈ పేరా రాసేటప్పుడు ఒకసారి పెన్ను పక్కన పెట్టాను. అయితే ఆ పిల్లి పడ్డ పావుగంట బెదురు ఏం చెప్పిందో చూడకుండా వెళ్ళిపోతే అది ఇంకా వృథా.

మళ్ళీ అదే చోటి నుంచి కొద్దిగా రక్తం.

డ్రమ్ము దగ్గరికి పదండి. గొట్టంలోని ఉప్పునీళ్ళు తీసేసి, మొదటి రక్తం పోశారు. పేలిక ఒకసారి బిగిసింది, ఆ వెంటనే తన లయ అందుకుంది. గుట్టలు బాగా పడుతున్నాయి. దాన్ని తీసేశారు. రెండో రక్తం పోశారు. చూడ్డానికి రెండూ ఒకటే, అదే ఎరుపు, అదే చిక్కదనం. మీ కళ్ళకు తేడా తెలియదు.

మీట లేచింది. ఇంకోసారి లేచింది, ఈసారి సగమే. తరవాతి గుట్ట ఇంకా పొట్టి. గీత మెల్లగా కిందికి జారుతోంది, చెరువులో అలలు సద్దుమణిగినట్టు. కాసేపటికి మసి మీద తిన్నటి గీత ఒక్కటే మిగిలింది. పేలిక చచ్చిపోలేదు, నిద్రపోయినట్టు వేలాడుతోంది. కుక్కను అది చూడలేదు, మొరుగుడు వినలేదు. పక్క పిల్లి భయం మాత్రం దానికి చేరింది.

దాని లోపల ఏమైందో చూడాలంటే మీరు చిన్నవాళ్ళవ్వాలి. పేలికలోకి దిగండి. చుట్టూ కదురు ఆకారపు కణాలు, నడుమ లావు, కొసలు సన్నం, చాప అల్లినట్టు ఒకదానినొకటి ఒరుసుకుని పడుకున్నాయి. పక్కపక్క కణాల మధ్య చిన్న కిటికీలు. ఒక కణంలో విద్యుత్తు మారితే కిటికీల గుండా పక్కదానికి పాకుతుంది, అందుకే అన్నీ ఒక్కసారే ముడుచుకోగలుగుతాయి. ఈ కండరానికి తాళం వేసేవి వేరే కణాలు. వాటికి స్పానిష్ శాస్త్రవేత్త కాహాల్ పేరుంది. మన జీర్ణకోశంలో అవి నిమిషానికి మూడు అలలు పుట్టిస్తాయి, చిన్నపేగు మొదట్లో పన్నెండు, చివరికొచ్చేసరికి ఇంకాస్త తక్కువ.

అల వచ్చినప్పుడు కణం గోడలో తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట ఒక ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము మయోసిన్ పోగుల మెడ మీద ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. అప్పుడే మయోసిన్ పక్క పోగును పట్టుకుని లాగుతుంది, కణం కుదించుకుపోతుంది. తగిలించే ఆ ఫాస్ఫేటు వచ్చేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి. కండరంలో ఆ ఏటీపీని గుర్తించినవాళ్ళలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1920ల్లో, కానన్ ఇంకా ఇక్కడ ఫిజియాలజీ విభాగం నడుపుతుండగానే, ఇదే మెడికల్ స్కూల్లో ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. మీరు నిలబడ్డ గదికి ఆయన పనిచేసిన బల్ల ఎంతో దూరంలో ఉండదు.

ఇప్పుడు రెండో రక్తంతో వచ్చిన అడ్రినలిన్ కణం గోడను తాకింది. లోపలికి రాలేదు, వాకిట్లో ఉన్న గ్రాహకాన్ని తట్టిందంతే. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పుట్టుకొచ్చింది. కాల్షియం తిరిగి గోదాముల్లోకి వెళ్ళిపోయింది. ఫాస్ఫేటు తగిలించే ఎంజైము మందగించింది. మరోరకం గ్రాహకాన్ని తట్టిన చోట పొటాషియం తలుపులు తెరుచుకుని, తాళం వినిపించినా కణం కదలని స్థితికి వచ్చింది. మసి మీద జారిన గీత ఇదే. ఈ సంగతి 1911 గదిలో ఎవరికీ తెలియదు. సైక్లిక్ ఏఎంపీని ఎర్ల్ సదర్లాండ్ కాలేయంలో కనిపెట్టేసరికి 1950ల చివరికి వచ్చేస్తాం, ఆయనకు నోబెల్ వచ్చింది 1971లో.

నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. పేగు పొడవునా గోడను సడలించే ఈ అడ్రినలిన్, అదే పేగులో గదికీ గదికీ మధ్య వాకిళ్ళను కాపలా కాసే వలయ కండరాల దగ్గరికి వెళ్ళి ఏం చేస్తుందో తెలుసా? బిగిస్తుంది. అదే రక్తం, అదే అణువు. ఆ కణాల వాకిట్లో ఎక్కువగా ఉన్నది వేరే రకం గ్రాహకం, అంతే తేడా. ఒకే కబురు ఒక ఇంట్లో పెళ్ళి కబురు, పక్కింట్లో చావు కబురు. హార్మోను ఫలానా పని చేస్తుంది అని మనం పాఠాల్లో బట్టీ పట్టాం గానీ, పని హార్మోనులో లేదు. విన్న కండరంలో ఉంది.

గదిలోకి తిరిగి రండి, కానన్ ఇంకా నమ్మలేదు. నమ్మితే ఆ రోజే అచ్చుకు పంపేవాడు. బెదిరిన పిల్లిదే, కాని అడ్రినల్ గ్రంథులకు దిగువనున్న తొడ సిర రక్తం తీసి పోశారు. పేలిక లయ మారలేదు. గ్రంథులు తీసేసిన పిల్లిని బెదిరించి రక్తం తీశారు. మారలేదు. నెమ్మదైన రక్తంలో కొద్దిగా అడ్రినలిన్ కలిపి పోశారు, గీత జారింది, బెదిరిన రక్తంతో జారినట్టే. బెదిరిన రక్తంలోకి గంటల తరబడి ఆక్సిజన్ పంపి అందులోని అడ్రినలిన్‌ను పాడుచేసి పోశారు, పేలిక నిశ్చింతగా గుట్టలు గీసింది. సాక్షిని అటు తిప్పి ఇటు తిప్పి ప్రశ్నించే ప్లీడరు పని ఇది. తరవాత క్లీవ్‌లాండ్‌లో స్టూవర్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఈ ఫలితాల మీద ఏళ్ళ తరబడి పోట్లాడారు, గ్రంథి ఎప్పుడూ ఒకేలా స్రవిస్తుందని వాదించారు. కానన్ పక్షమే నిలబడింది. అయితే బెదిరిన క్షణంలో పేగును ముందుగా ఆపేవి నరాలే. వెనకే వచ్చే అడ్రినలిన్ ఆ పనిని కొనసాగిస్తుంది.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. భయం పేగును సడలిస్తే, పరీక్ష రోజు పొద్దున్నే బాత్రూముకు మూడుసార్లు ఎందుకు పరుగెత్తాం? అది అడ్రినలిన్ ఒక్కదాని కథ కాదు. ఆందోళనలో మెదడు సీఆర్‌హెచ్ అనే మరో హార్మోనును వదులుతుంది, దాని కబురు నరాల ద్వారా పేగుకు చేరుతుంది. జీర్ణకోశం మందగిస్తుంది, పెద్దపేగు మాత్రం వేగం అందుకుంటుంది. అందుకే పరీక్ష రోజు ఇడ్లీ గొంతు దిగదు, కింద మాత్రం ఆగదు.

పక్క గదికి వెళ్దాం. 1912. కుర్చీలో ఓ కుర్రాడు కూర్చున్నాడు, వాష్‌బర్న్, కానన్ విద్యార్థి. కొన్ని వారాలుగా రోజూ రబ్బరు గొట్టం మింగి అలవాటు చేసుకున్నాడు. ఇవాళ గొట్టం చివర బెలూను ఉంది. అది జీర్ణకోశంలోకి దిగాక గాలి ఊదారు. కండరం బెలూనును నొక్కినప్పుడల్లా గాలి వెనక్కి తోసుకొచ్చి మీటను కదుపుతుంది. పొట్ట చుట్టూ బెల్టు, అది ఊపిరిని గీస్తుంది. చేతి కింద ఒక మీట. ఆకలి చురుక్కుమన్నప్పుడల్లా నొక్కాలి. డ్రమ్ము అతనికి కనిపించదు.

ఏమీ తినలేదు. గది నిశ్శబ్దం. మసి మీద గీత లేవడం మొదలుపెట్టింది, అర నిమిషం పాటు పెద్ద కొండ. కొండ శిఖరం దగ్గరికి వచ్చేసరికి వాష్‌బర్న్ వేలు మీట నొక్కింది. కాసేపు విరామం. మళ్ళీ కొండ, మళ్ళీ వేలు. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయంటాం కదా, ఆ ఎలుకల అడుగుజాడలు కాగితం మీద పడ్డాయి.

ఆ ఎలుకలను తోలేదెవరో తెలియడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. 1970ల మొదట్లో, కెనడాలోని వాంకూవర్‌లో జె. సి. బ్రౌన్ బృందం పంది చిన్నపేగు పొర నుంచి 22 అమైనో ఆమ్లాల గొలుసును విడదీసి, దానికి మోటిలిన్ అని పేరు పెట్టింది. మనం తినకుండా ఉన్నప్పుడు, సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకోసారి, రక్తంలో మోటిలిన్ పెరుగుతుంది. జీర్ణకోశం కింది భాగంలో గట్టి సంకోచాలు మొదలై చిన్నపేగు చివరిదాకా పాకుతూ వెళ్తాయి, మిగిలిపోయిన పీచునూ తుక్కునూ సూక్ష్మజీవులనూ ముందుకు నెట్టుకుంటూ. సంత ముగిశాక వీధి ఊడ్చినట్టు. ఏకాదశి ఉపవాసం రోజు మధ్యాహ్నం నాలుగింటికి మీ కడుపు నలుగురికీ వినపడేలా గుర్రుమంటే అది ఆ చీపురు చప్పుడు. ఒక్క ముద్ద తింటే ఊడ్చేవాడు చీపురు కింద పెట్టేస్తాడు.

ఎరిత్రోమైసిన్ మాత్ర ఎప్పుడైనా వేసుకున్నారా? గొంతు నొప్పికి రాస్తే కడుపు నొప్పి తెచ్చుకున్నామని తిట్టుకునే ఉంటారు. ఆ మందు మోటిలిన్ గ్రాహకాన్ని తట్టగలదు. మందు పని సూక్ష్మజీవుల మీద, కానీ కండరం తన వాకిట్లో మోటిలిన్ వచ్చిందనే అనుకుంటుంది. జీర్ణకోశం కదలక ఇబ్బందిపడే రోగులకు డాక్టర్లు ఆ పొరపాటునే మందుగా వాడుకుంటారు.

తిన్న తరవాత కథ ఇంకోలా నడుస్తుంది. ఆవకాయ అన్నంలో వేసుకున్న నెయ్యి చిన్నపేగు మొదటి మడతకు చేరగానే అక్కడి కణాలు కొలెసిస్టోకైనిన్‌ను వదులుతాయి. షికాగోలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ 1928లో దీన్ని పట్టుకున్నది పిత్తాశయం ముడుచుకోవడం చూసే. అది పిత్తాశయాన్ని పిండుతుంది, పిత్తం బయటికొచ్చే వాకిలిని వదులు చేస్తుంది, జీర్ణకోశం పై భాగాన్ని సడలించి కింది వాకిలిని బిగిస్తుంది. నాలుగు కండరాలు, నాలుగు జవాబులు. నెయ్యి ఎక్కువైన రోజు మూడింటిదాకా కడుపు బరువుగా ఉండడం అందుకే. గర్భిణులకు గుండెలో మంట, మలబద్ధకం వచ్చేది కూడా చాలావరకు ఇలాంటి దారిలోనే. గర్భసంచి ముందుగా ముడుచుకోకుండా సద్దుమణగమని ప్రొజెస్టిరాన్ చెప్తుంది, పేగు కండరమూ అన్నవాహిక చివరి వలయమూ ఆ మాట విని సడలిపోతాయి.

మళ్ళీ మొదటి గదికి రండి. వెలుతురు తగ్గుతోంది. డి లా పాజ్ మసికాగితాన్ని డ్రమ్ము మీద నుంచి జాగ్రత్తగా కోసి తీశాడు, రెండు కొసలూ పట్టుకుని లక్క వార్నీషు తొట్టిలో ముంచి లేపాడు. వేలు పెట్టినా ఇక చెరగదు. ఆరడానికి తీగ మీద వేలాడదీశాడు. చుక్కలు నేల మీద పడుతున్నాయి. కుక్కను ఎవరో బయటికి తీసుకెళ్ళారు, వరండా చివర దాని గోళ్ళ చప్పుడు.

బల్ల మీద గాజు గొట్టం అలాగే ఉంది. రక్తం పారబోసి, కొత్త రింగర్ ద్రావణం పోసి, ఆక్సిజన్ తిప్పారు. పేలిక కాసేపు ఊరికే వేలాడింది. పై కొస దారం సన్నగా వణికింది. మీట లేచింది. దాని ముందు ఇప్పుడు కాగితం లేదు.